వంకర గీతని వంకరగానే గీయాలి: పాత పిన్‌బాల్ బొమ్మల పని

పాత పిన్‌బాల్ మెషిన్ (గాజు కింద స్టీల్ బంతిని కొడుతూ ఆడే ఆట పెట్టె) బాగుచేస్తున్నానని చెప్తే చాలు, అందరూ కరెంటు పని గురించే అడుగుతారు. రిలేలు ఎలా క్లీన్ చేశావ్, కాయిల్ కాలిపోతే ఏం చేశావ్, స్కోర్ రీల్ ఎందుకు ఇరుక్కుంటోంది, ఇవే. ఆ పని కష్టమే గానీ దానికో దారుంది, సర్క్యూట్ డయాగ్రామ్ ముందేసుకుని ఓపిగ్గా కూర్చుంటే ఏ కాంటాక్ట్ తగలట్లేదో ఎప్పటికో అప్పటికి దొరుకుతుంది. బొమ్మకి డయాగ్రామ్ ఉండదు. ప్లేఫీల్డ్ (బంతి దొర్లే బొమ్మల చెక్క పలక) మీద రంగు లేచిపోయి చెక్క బయటపడ్డ చోట ఇంతకుముందు ఏముండేదో చెప్పే కాగితం ఏ మెషిన్‌తోనూ రాదు. అక్కడ ఉన్నది కనుబొమ్మా, టోపీ అంచా, నక్షత్రం కొనా అని మనమే తేల్చుకోవాలి.

అరుగుదల ఎక్కడ వస్తుందో మాత్రం చూడకుండానే చెప్పొచ్చు. దాదాపు 27 మిల్లీమీటర్ల స్టీల్ బంతి, బరువు ఒక 80 గ్రాములు, అది ఏళ్ళ తరబడి అవే దారుల్లో దొర్లుతుంది. పాప్ బంపర్ల (బంతి తగిలితే దాన్ని తన్నేసే గుండ్రటి టోపీల) చుట్టూ, బంతి పడి బయటికి తన్నుకొచ్చే గుంటల ముందు, ఫ్లిప్పర్ల (ఆడేవాళ్ళు బంతిని కొట్టే చేతుల) దగ్గర, ప్లంజర్ (బంతిని తోసే స్ప్రింగు కడ్డీ) నుంచి బంతి పైకొచ్చి మొదట తగిలే చోట, ఇవన్నీ ఖాయంగా పోయుంటాయి. పైగా 60లు, 70ల నాటి ప్లేఫీల్డ్ అంటే ప్లైవుడ్ మీద సిల్క్ స్క్రీన్ ఇంకు, దాని మీద పల్చటి లాకర్ (వార్నిష్ లాంటి పారదర్శక) పూత, అంతే. 1990లలో వచ్చిన మెషిన్లకి గట్టి క్లియర్ కోట్ ఉంటుంది కాబట్టి అవి కొంచెం నిలబడ్డాయి. పాతవాటికి ఆ అదృష్టం లేదు, లాకర్ పగుళ్ళలోకి మురికి దిగి ఆ మురికే గరుకు కాగితంలా ఇంకుని తినేస్తుంది.

ఇక్కడ ఒక మాట. మీ దగ్గరున్నది బాగా పేరున్న మెషిన్ అయితే ఈ తంటా ఏదీ పడక్కర్లేదు. 1976లో బాలీ అనే కంపెనీ వాళ్ళ కెప్టెన్ ఫెంటాస్టిక్ 16 వేల పైన తయారైంది, 1992 నాటి ఆడమ్స్ ఫ్యామిలీ 20 వేలు దాటింది, ఇలాంటివాటికి కొనేవాళ్ళు ఉంటారు కాబట్టి ఎవరో ఒకరు లైసెన్స్ తీసుకుని కొత్త ప్లాస్టిక్కులో (ప్లేఫీల్డ్ మీద బిగించే బొమ్మల ముక్కలు), బ్యాక్‌గ్లాసో (మెషిన్ వెనక నిలబెట్టిన బొమ్మ గాజు), ప్లేఫీల్డో అచ్చు వేస్తుంటారు. అది కొనుక్కోండి, హాయి. వెయ్యో రెండువేలో తయారై ఎవరూ పట్టించుకోని మెషిన్ చేతికొచ్చిందనుకోండి, అప్పుడు కంప్యూటర్ ముందు కూర్చోవడం తప్ప దారి లేదు. నాకు ఇలాంటివే ఇష్టం, అదో పిచ్చి.

పని మొదలుపెట్టే ముందు బుర్రలో ఒక విషయం సెట్ చేసుకోవాలి. మనం చూస్తున్నది ఫోటో కాదు, పెయింటింగ్ అసలే కాదు, ఇది ఒకదాని మీద ఒకటి అచ్చు పడిన రంగుల దొంతర. ఒక్కో రంగుకి ఒక్కో స్క్రీన్, అంటే ఇంకు దిగే సన్నటి వల బట్ట చట్రం. ప్లేఫీల్డ్ మీద రంగులన్నీ పడ్డాక సాధారణంగా చివర్లో నల్ల గీత, కీలైన్ అంటారు దాన్ని, పైన పడుతుంది. బ్యాక్‌గ్లాస్‌కి వరస తిరగబడుతుంది ఎందుకంటే అచ్చు గాజు వెనక వేస్తారు, మనం చూసేది ముందు నుంచి, అందుకని నల్ల గీత ముందు, తర్వాత రంగులు, తర్వాత తెలుపు, అన్నిటికన్నా వెనక వెలుతురు ఆపే ముదురు పూత. ఈ వరస తెలిస్తే సగం ప్రశ్నలకి జవాబు దొరికినట్టే. పసుపు మీద ఎరుపు పడి నారింజ కనిపిస్తోందా, లేక నారింజకి విడిగా ఒక ఇంకు వేశారా? ఆకుపచ్చ అంచులో సన్నగా నీలం తొంగి చూస్తోంటే అది ఆర్టిస్టు వేసిన నీడా, లేక ఆ రోజు స్క్రీన్ కాస్త పక్కకి జరిగిందా? ఇవి తేలకుండా పెన్ టూల్ పట్టుకుంటే పైపైన కనిపించేదాన్ని కాపీ కొట్టడమే అవుతుంది.

సరే, స్కానింగ్. కెమెరాతో తీస్తే సరిపోదా అని అడుగుతారు, రిఫరెన్స్ కోసం సరిపోతుంది, గీయడానికి సరిపోదు. లెన్స్ అంచుల్లో గీతలు వంగుతాయి, లాకర్ మీద లైటు మెరుస్తుంది, ఒక మూల వెలుగు ఎక్కువ ఇంకో మూల తక్కువ. ఫ్లాట్‌బెడ్ స్కానరే కావాలి. అందులో రెండు రకాలు. సన్నగా తేలిగ్గా ఉండి యూఎస్‌బీ కరెంటుతోనే నడిచేవి సీఐఎస్ సెన్సర్‌వి, వీటిని తలకిందులుగా తిప్పి ప్లేఫీల్డ్ మీద బోర్లించొచ్చు, కానీ గాజుకి ఆనుకుని ఉన్నది మాత్రమే వీటికి స్పష్టంగా కనిపిస్తుంది, రెండు మిల్లీమీటర్లు దూరం జరిగినా మసక. బరువుగా లావుగా ఉండేవి సీసీడీవి, వీటికి లోతు బాగా కనిపిస్తుంది కానీ బోర్లిస్తే అన్నీ ఒప్పుకోవు. హెచ్‌పీ వాళ్ళు ఒకప్పుడు స్కాన్‌జెట్ 4670 అని ఫోటో ఫ్రేమ్ లాంటి స్కానర్ ఒకటి తెచ్చారు, దాన్లోంచి అవతలికి కనిపిస్తుంది, ఎక్కడ పెడుతున్నామో చూసుకుంటూ పెట్టొచ్చు, పిన్‌బాల్ వాళ్ళు ఇప్పటికీ పాత వస్తువుల్లో దానికోసం వెతుకుతుంటారు.

ప్లేఫీల్డ్ మీదున్నవన్నీ విప్పేయాలి, పోస్టులు (రబ్బర్లు తొడిగే చిన్న స్తంభాలు), రబ్బర్లు, ప్లాస్టిక్కులు, బంపర్ టోపీలు, పట్టాలు, అన్నీ. అప్పుడే గాజు ఫ్లాట్‌గా కూర్చుంటుంది. సైజు సుమారు 20 అంగుళాలు అడ్డం, 42 నిలువు, ఏ4 గాజుతో ముక్కలు ముక్కలుగా తీయాలి, ప్రతి ముక్కా పక్కదాని మీదకి కనీసం నాలుగో వంతు ఎక్కాలి. 600 డీపీఐ. ఆటో ఎక్స్‌పోజర్, ఆటో కలర్, షార్పెనింగ్, దుమ్ము తీసేసే ఆప్షన్ ఇవన్నీ ఆఫ్, లేకపోతే పక్కపక్క ముక్కల్లో ఒకే ఎరుపు రెండు ఎరుపులుగా వస్తుంది. మొత్తం కలిపితే 30 కోట్ల పిక్సెల్స్, లేయర్లు లేకుండానే 900 ఎంబీ దాకా. కంప్యూటర్ మూలుగుతుంది, మూలగనివ్వండి.

దాదాపు ఎవరూ చెప్పనిది ఇంకొకటుంది. స్కానర్‌కి అడ్డం కొలత నమ్మదగ్గది ఎందుకంటే ఆ దిక్కున సెన్సర్ కదలదు, నిలువు కొలత మాత్రం బెల్టూ మోటారూ నడిపేది, అందులో కొంచెం సాగుదల ఉంటుంది. ఒక్క ముక్కలో తెలియదు గానీ 42 అంగుళాలు కలిపేసరికి తెలుస్తుంది, పైనుంచి సరిగ్గా మొదలైన బొమ్మ కిందికొచ్చేసరికి ఇన్సర్ట్ (కింద బల్బు వెలిగే రంగు ప్లాస్టిక్ బిళ్ళ) గుంట పక్కన పడుతుంది. అందుకే ముందే ఒక స్టీల్ స్కేలుని అడ్డంగా ఒకసారి నిలువుగా ఒకసారి స్కాన్ చేసి రెండూ పోల్చి చూసుకోవాలి. ముక్కలు అతికించే సాఫ్ట్‌వేర్‌తో కూడా జాగ్రత్త, హగిన్ అయినా ఫోటోషాప్‌లో ఫోటోమెర్జ్ అయినా వాటికి వదిలేస్తే అంచులు కలవడం కోసం బొమ్మని ఎటుపడితే అటు వంచేస్తాయి. జరపడం, తిప్పడం ఈ రెండే అనుమతించాలి. తర్వాత అసలు చెక్క మీద మూల పోస్టు గుంట నుంచి ఎదురు మూల గుంటకి కొలత తీసుకుని ఫైల్‌లో ఆ కొలతకి కూర్చోబెట్టాలి. చెక్క కూడా ఏళ్ళ మీద గాలిలో తేమకి సాగుతుంది ముడుచుకుంటుంది కాబట్టి మీ చెక్కకి కుదిరిన ఫైలు అదే మోడల్ ఇంకో మెషిన్‌కి అచ్చంగా కుదురుతుందని గ్యారంటీ లేదు.

ఇక గీయడం. ఆటో ట్రేస్ బటన్ గురించి ఒక్క మాటే, వద్దు. దానికి గీతకీ పగులుకీ తేడా తెలియదు, మురికి మరకని కూడా భక్తిగా గీసి పెడుతుంది, ఒక చిన్న నక్షత్రానికి వంద పాయింట్లు పెడుతుంది. ఇలస్ట్రేటర్ గానీ ఇంక్‌స్కేప్ గానీ తీసుకుని, స్కాన్‌ని కింద లేయర్‌లో లాక్ చేసి, పైన చేత్తో గీయాలి. ఒక్కో ఇంకుకి ఒక్కో లేయర్, అచ్చు పడిన వరసలోనే. ప్రతి రంగూ నల్ల గీత కిందకి కొంచెం చొచ్చుకుపోవాలి, సరిగ్గా అంచు దాకా గీసి ఆపేస్తే ప్రింట్‌లో వెంట్రుకవాసి తేడా వచ్చినా మధ్యలో తెల్ల సందు కనపడుతుంది. పాత స్క్రీన్ ప్రింటర్లు కూడా ఇలాగే చేశారు, అరిగిపోయిన కీలైన్ కింద రంగు ఎంత దూరం వెళ్ళిందో చూస్తే తెలిసిపోతుంది.

అసలు నేను ఈ పోస్ట్ రాస్తున్నదే ఇప్పుడు చెప్పబోయే దానికోసం. కంప్యూటర్‌లో గీతని నిటారుగా గీయడం చాలా తేలిక, గుండ్రంగా గీయడం ఇంకా తేలిక, అందుకే నెట్‌లో కనిపించే రీడ్రాలు (మళ్ళీ గీసిన బొమ్మలు) చాలావాటిలో బొమ్మ బతికి ఉండదు. ఒరిజినల్ చేత్తో గీసింది, స్టెన్సిల్ ఫిల్మ్ కత్తితో కోసింది. బ్రష్ మలుపు తిరిగే చోట గీత లావవుతుంది, చివర్లో సన్నబడుతుంది. మీరు దానికి ఒకే మందం స్ట్రోక్ ఇచ్చేస్తే అది రోడ్డు పక్క సైన్‌బోర్డ్ అయిపోతుంది. నేను కీలైన్‌ని స్ట్రోక్‌గా ఎప్పుడూ గీయను, రెండు అంచులూ విడివిడిగా గీసిన మూసిన ఆకారంగానే గీస్తాను. టైం రెండింతలు పడుతుంది, పర్లేదు.

ఒక ఉదాహరణ చెప్తాను. ఇప్పుడు చేస్తున్న ప్లేఫీల్డ్ మీద ఎడమా కుడీ రెండు ఎర్ర ఇన్సర్ట్‌లున్నాయి, రెండిటి మీదా స్పెషల్ వెన్ లిట్ అని ఇంగ్లీషులో రాసుంటుంది. కళ్ళు మూసుకుని ఒకటి గీసి రెండోచోట పేస్ట్ చేసేయొచ్చు కదా? జూమ్ చేసి చూస్తే ఎడమ వైపు ఎస్ కింద పొట్ట పెద్దది, కుడి వైపు ఎస్ కొంచెం ముందుకి వాలింది, కుడి వైపు ఐ మిగతా అక్షరాలకన్నా పొట్టి ఎందుకంటే అక్కడికొచ్చేసరికి రాసేవాడికి చోటు సరిపోలేదు. ఇది ఏ ఫాంటూ కాదు, ఒక మనిషి చేతిరాత. ఫాంట్‌ల లిస్టులో దీనికి దగ్గరదేదో వెతుక్కుంటూ కూర్చునే బదులు ఆ అక్షరాల్నే గీస్తే తొందరగా అయిపోతుంది కూడా.

రెండు వైపులా ఒకేలా కనిపించే ప్లేఫీల్డ్‌లకి సగం గీసి అద్దంలోలా తిప్పేయాలన్న కోరిక కూడా ఇలాంటిదే. తిప్పి చూడండి, కుదరదు. ఐతే కుడి వైపు పూర్తిగా పోయి చెక్కే మిగిలితే? అప్పుడు ఎడమ వైపుని తిప్పి, లేతగా చేసి, కింద నీడలాగా పెట్టుకుంటాను, ఆపైన కుడి వైపు మిగిలిన చుక్కలూ తునకలూ ఏం చెప్తున్నాయో వాటిని బట్టి సర్దుతాను. ఈ తునకలు దొరకాలంటే స్కాన్ ఒక్కటే చూస్తే చాలదు. గదిలో లైట్లార్పేసి టార్చిని చెక్కకి ఆనించి పక్క నుంచి వేస్తే, సిల్క్ స్క్రీన్ ఇంకుకి కొంచెం మందం ఉంటుంది కాబట్టి రంగు వెలిసిపోయినా దాని అంచు చిన్న గట్టులాగా నీడ వేస్తుంది. ఆ గట్టుని ఫోటో తీసి స్కాన్ మీద కూర్చోబెట్టుకుంటే ముక్కు ఎక్కడ ఆగిందో తేలిపోతుంది.

అదీ దొరక్కపోతే ఐపీడీబీలో (పిన్‌బాల్ మెషిన్ల ఇంటర్నెట్ డేటాబేస్) ఫోటోలు చూడాలి, అదే మోడల్ ఉన్నవాళ్ళని బతిమాలుకుని ఆ ఒక్క మూల స్కాన్ పంపమనాలి. అప్పట్లో కంపెనీలు వ్యాపారులకి పంచిన ప్రకటన కాగితాలు కూడా దొరుకుతాయి గానీ వాటిని పూర్తిగా నమ్మొద్దు, ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన మెషిన్‌కీ కాగితంలో బొమ్మకీ ఒక్కోసారి తేడా ఉంటుంది. ఇంకా మంచి దారి అదే ఆర్టిస్టు వేసిన వేరే మెషిన్లు చూడటం. గాట్లీబ్ కంపెనీకి రాయ్ పార్కర్ దశాబ్దాలపాటు బొమ్మలు వేశాడు, ఆయన మనుషుల మొహాలు, చేతివేళ్ళు కొంతకాలం చూస్తే గుర్తుపట్టేయొచ్చు. 60ల చివర నుంచి క్రిస్టియన్ మార్ష్ వేసిన మనుషులైతే అన్నీ కోణాలే, మోచేతులు మోకాళ్ళు ముళ్ళలా పొడుచుకొస్తాయి. అలాంటి బొమ్మలో పోయిన మోచేతిని గుండ్రంగా గీస్తే తెలిసినవాళ్ళు ఆమడ దూరం నుంచే పట్టేస్తారు.

రంగుల సంగతికొస్తే, ప్లేఫీల్డ్ మధ్యలో కనిపించే రంగు ఏదీ అసలు రంగు కాదు. లాకర్ పచ్చబడి తెలుపు మీగడ రంగుకి దిగుతుంది, నీలం ఆకుపచ్చ వైపు జరుగుతుంది, వెలుతురుకి ఎరుపు పాలిపోతుంది. అసలు రంగు దాక్కున్న చోట్లున్నాయి, ఏప్రన్ (ప్లేఫీల్డ్ కింది చివర కప్పే రేకు) కింద, పోస్టుల కింద, మూసి ఉన్న ప్లాస్టిక్కుల కింద. పోస్టు విప్పితే దాని కింద ఒక చిన్న గుండ్రటి మచ్చలో కొత్త మెషిన్ రంగు కనిపిస్తుంది, చుట్టుపక్కల దాంతో పోలిస్తే ఒక్కోసారి ఇది అదే బొమ్మా అనిపిస్తుంది. మరి దేనికి మ్యాచ్ చెయ్యాలి? మొత్తం కొత్తగా అచ్చు వేస్తుంటే దాక్కున్న రంగుకే. అరిగిన చోట మాత్రమే డెకాల్ (బొమ్మ అచ్చేసిన పల్చటి ఫిల్మ్) అతికిస్తుంటే పక్కనున్న ముసలి రంగుకి, లేకపోతే మాసిక వేసినట్టు అక్కడే కళ్ళు పడతాయి. దీని మీద వాదించేవాళ్ళు చాలామంది, నేను వాదించను, నా మెషిన్ నా ఇష్టం.

మానిటర్‌ని మాత్రం నమ్మొద్దు. అప్పట్లో ఎరుపు అంటే ఒక డబ్బాలో కలిపిన ఒక ఇంకు, మన ప్రింటర్ దాన్ని సీఎంవైకే, అంటే నాలుగు ఇంకుల చుక్కలతో అనుకరిస్తుంది, లేత నారింజలో, చర్మం రంగులో ఆ చుక్కలు దగ్గర్నుంచి కనిపిస్తాయి కూడా. ఫ్లోరసెంట్ ఇంకు వాడిన మెషిన్ అయితే మామూలు ప్రింట్‌లో ఆ రంగు రానే రాదు. నేను చేసేది, అనుకున్న రంగుకి అటూ ఇటూ కొద్ది కొద్ది తేడాతో పట్టీలు ప్రింట్ చేయించుకుని, ఏ పదార్థం మీద ఫైనల్ పడుతుందో దాని మీదే, ఏప్రన్ కింద మచ్చ పక్కన పెట్టి పగటి వెలుతురులో ఒకసారి, మెషిన్ బల్బుల వెలుతురులో ఒకసారి చూడటం. రెండు వెలుతుర్లలోనూ కలిసేది కొన్నిసార్లు దొరకదు. అప్పుడు బల్బు వెలుతురులో కలిసేదే తీసుకుంటాను, ఆట ఆడేది ఆ వెలుతురులోనే కాబట్టి.

బ్యాక్‌గ్లాస్ ఇంకో తలనొప్పి. బొమ్మ గాజు వెనక ఉంటుంది, ముందు నుంచి స్కాన్ చేస్తే మధ్యలో గాజు మందం అడ్డం, సీఐఎస్ స్కానర్‌కి అంతా మసకే, ఇక్కడ సీసీడీ తప్పదు. వెనక నుంచి తీద్దామంటే వెలుతురు ఆపే పూత తప్ప ఏమీ కనపడదు. పైగా బల్బుల వేడికి ఆ వెనక పూతలు ఎండి పెచ్చులుగా ఊడుతుంటాయి, తాకితే రాలతాయి. టేపు వేయొద్దు, తుడవొద్దు, ముందు స్కాన్ చేసుకోండి, మిగతావి తర్వాత. పెచ్చులు నిలపడానికి వెనక క్రైలాన్ ట్రిపుల్ థిక్ లాంటి క్లియర్ స్ప్రే వేసేవాళ్ళున్నారు, పని చేస్తుంది గానీ ఒకసారి వేస్తే వెనక్కి తీసుకోలేం. వెనకున్న 44 నంబరు బల్బులు 250 మిల్లీఆంపులు లాగుతాయి, అదే సాకెట్‌లో పట్టే 47 నంబరువి 150 మాత్రమే, అవి మార్చినా వేడి చాలా తగ్గుతుంది. ఎల్‌ఈడీలు వేస్తే ఇంకా తక్కువ, కాకపోతే తెల్లగా కళ్ళు చెదిరేలా వెలిగేవి కాకుండా పసుపు వెలుతురువి చూసుకోండి, లేకపోతే చర్మం రంగులన్నీ జబ్బుపడ్డట్టు కనిపిస్తాయి. ఫైల్‌లో రంగులు కాక వెనక తెలుపు ఒక లేయర్, వెలుతురు ఆపే మాస్క్ ఒక లేయర్ విడిగా ఉండాలి, ఏ కిటికీలోంచి బల్బు వెలగాలో ఏది చీకటిగా ఉండాలో ఆ మాస్కే నిర్ణయిస్తుంది. పోలిక ఎప్పుడూ లైట్లు వేసి చూడాలి, బల్ల మీద పెట్టి కాదు.

ప్రింటింగ్‌కి వచ్చేసరికి అందరూ ఇరుక్కునేది తెలుపు దగ్గర. మామూలు ప్రింటర్‌లో తెలుపు ఉండదు, తెల్ల కాగితమే దాని తెలుపు. చెక్క మీదో పారదర్శక ఫిల్మ్ మీదో వేయాలంటే తెల్ల ఇంకు గానీ తెల్ల టోనర్ గానీ ఉన్న ప్రింటర్ కావాలి. ఇన్సర్ట్‌ల మీద నల్ల అక్షరాలూ చుట్టూ కీలైన్ వరకే అయితే ఆ బాధ లేదు, క్లియర్ వాటర్‌స్లైడ్ (నీళ్ళలో తడిపి జార్చి అతికించే) డెకాల్ చాలు, ఐతే కుంగిపోయిన ఇన్సర్ట్‌ని ముందు సమం చేసుకోవాలి. మొత్తం మార్చాలంటే చెక్కని సాపు చేసి దాని మీద నేరుగా యూవీ ఫ్లాట్‌బెడ్ ప్రింటర్‌తో ప్రింట్ చేయించడం ఒక దారి, ఫిల్మ్ మీద అచ్చువేసి అతికించే ఓవర్‌లే ఇంకో దారి. నాకు ఓవర్‌లే నచ్చదు, అంచులు లేస్తాయి, ఇన్సర్ట్‌ల వెలుగు మొద్దుబారుతుంది. ఏది చేసినా ముందు మామూలు కాగితం మీద అసలు సైజులో ఒక ప్రింట్ తీసి చెక్క మీద పరిచి గుంటలన్నీ కలుస్తున్నాయా చూడండి, ప్రింట్ డైలాగ్‌లో పేజీకి సరిపెట్టే ఆప్షన్ తీసేసి. పైన వేసే టూ పార్ట్ ఆటోమోటివ్ క్లియర్‌లో (రెండు ద్రవాలు కలిపి కార్లకి వేసే పారదర్శక పూత) ఊపిరితిత్తులకి హాని చేసే ఐసోసయనేట్లు ఉంటాయి, దుమ్ము మాస్కు దాన్ని ఆపదు, సరైన రెస్పిరేటర్ సెటప్ లేకపోతే కార్లకి పెయింట్ వేసేవాళ్ళకే ఇచ్చేయండి. డెకాల్ మీద మొదటి కోట్లు పొగమంచులా పల్చగా వేయమని వాళ్ళకి గట్టిగా చెప్పాలి, తడిగా పడితే డెకాల్ ముడతలు పడుతుంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ప్లేఫీల్డ్ జోలికి పోకుండా ప్లాస్టిక్కులతో మొదలుపెట్టండి. స్లింగ్‌షాట్ (ఫ్లిప్పర్ల పైన ఉండి బంతిని తన్నే త్రికోణం) మీదుండే ముక్క ఏ4 గాజు మీద మొత్తం పడుతుంది, రంగులు తక్కువ, పాడైతే మళ్ళీ వేసుకోవచ్చు. క్యాబినెట్ ఇంకా తేలిక, స్టెన్సిల్ పెట్టి స్ప్రే చేసినవే అవి, రంగు అంచు మరీ పదునుగా ఉంటే కొత్తదని తెలిసిపోతుంది కాబట్టి స్టెన్సిల్‌ని కొంచెం వదులుగా పెట్టాలి, అంతకు మించి చెప్పేదేం లేదు.

హక్కుల విషయం కూడా మర్చిపోవద్దు. ఫ్యాక్టరీలు ఎప్పుడో మూతపడ్డా గాట్లీబ్, విలియమ్స్, బాలీ బొమ్మల హక్కులు గాల్లో కలిసిపోలేదు, లైసెన్స్ ఇచ్చేవాళ్ళు ఉన్నారు. సొంత మెషిన్‌కి ఒకటి వేసుకోవడం వేరు, పదిమందికి అమ్మడం వేరు. నేను ఫైళ్ళు అమ్మను, అడగొద్దు.

ఒరిజినల్ స్కాన్ ముక్కల్ని, అతికించని వాటిని, విడిగా దాచిపెడతాను ఎందుకంటే నేను పగులు అనుకున్నది రేపు ఇంకొకరికి గీతగా కనిపించొచ్చు. చెక్క మీద ఏప్రన్ కింద పడే చోట ఇది రీప్రొడక్షన్ అని, వేసిన సంవత్సరం, చిన్న అక్షరాల్లో ప్రింట్‌లోనే పెట్టేస్తాను, తర్వాత కొనేవాడు ఫ్యాక్టరీది అనుకుని మోసపోకుండా. ప్రస్తుతం ఈ మెషిన్‌లో నల్ల గీతలన్నీ అయిపోయాయి, పసుపు నీలం ఒప్పుకున్నాయి, ఎరుపు మాత్రం పట్టీల మీద పట్టీలు తీయిస్తోంది.